సెల్యూట్‌కు సొంతవాళ్లు, ఓటుకు పరాయివాళ్లు

అమెరికాకు సామ్రాజ్యం లేదు. ఈ మాట అమెరికావాళ్లే చెబుతుంటారు కాబట్టి నమ్మాలి. వలసలూ సామ్రాజ్యాలూ ఐరోపా దేశాలకు పట్టిన పాతకాలపు జబ్బులు. అమెరికా వాటి మీద తిరగబడి పుట్టిన దేశమాయె. కాకపోతే వాషింగ్టన్‌కు దాదాపు 11,000 కిలోమీటర్ల అవతల, భూమధ్యరేఖ దాటాక, దక్షిణ పసిఫిక్‌లో కొన్ని దీవులున్నాయి. వాటి మీద 1900 నుంచీ అమెరికా జెండా ఎగురుతోంది. పేరు అమెరికన్ సమోవా. అక్కడ పుట్టిన మనిషికి అమెరికా పాస్‌పోర్ట్ ఇస్తారు. అందరి పాస్‌పోర్ట్ లాంటిదే, అదే అట్ట, అదే గద్ద. లోపల మాత్రం ఒక వాక్యం అదనంగా అచ్చువేస్తారు: ఇది పట్టుకున్నవాడు అమెరికా జాతీయుడేగానీ అమెరికా పౌరుడు కాడు అని.

రెండుసార్లు చదివినా సందేహం తీరకపోతే తప్పు మీది కాదు. వందేళ్లుగా అమెరికా జడ్జీలకే తీరలేదు.

ముందు ఊరి సంగతి చూద్దాం. దీవులన్నీ కలిపితే 200 చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ. అందులో పెద్దది టుటుయిలా, జనమంతా దాదాపు అక్కడే. 2020 లెక్కల్లో తేలిన జనాభా 49,710. మన జిల్లాల్లో ఒక మోస్తరు మున్సిపాలిటీ పాటి. టుటుయిలా నడుమ ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం నోట్లోకి సముద్రం చొచ్చుకొచ్చి పాంగో పాంగో రేవు తయారైంది. కొండల మధ్య, లోతైన నీళ్లు, తుపానుకు చాటు. దక్షిణ పసిఫిక్‌లో ఇంతకన్నా మంచి సహజ రేవు లేదంటారు. మంచి రేవు ఉండటమే ఆ దీవి చేసుకున్న పాపం. ఓడలు బొగ్గుతో నడిచే రోజుల్లో అమెరికా నౌకాదళానికి దారిలో బొగ్గు నింపుకునే చోటు కావాలి. రేవు కావలసివచ్చింది, దాని చుట్టూ మనుషులు కూడా ఉన్నారని తర్వాత తెలిసింది.

ఆ దీవుల కోసం జర్మనీ, అమెరికా, బ్రిటన్ మూడూ కొట్టుకున్నాయి. 1889లో పక్కనున్న అపియా రేవులో జర్మన్, అమెరికన్ యుద్ధనౌకలు ఎదురెదురుగా మోహరించి కయ్యానికి సిద్ధమవుతుంటే తుపానొచ్చి రెండు పక్షాల ఓడల్నీ రాళ్లకు కొట్టి, ఒడ్డెక్కించి పోయింది. సమోవావాళ్ల తరఫున ఎవరైనా యుద్ధం చేశారంటే ఆ తుపానే చేసింది. పదేళ్లకు, 1899లో, ముగ్గురూ కూర్చుని పంచుకున్నారు: పడమటి దీవులు జర్మనీకి, తూర్పువి అమెరికాకి, వాటా వదులుకున్నందుకు బ్రిటన్‌కు వేరేచోట ముడుపులు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం మనకు తెలుసు. అత్తకు తెలియకుండా ముగ్గురు అల్లుళ్లు పంచుకోవడం ఇక్కడే చూస్తాం. సంతకాలు మాత్రం తర్వాత పద్ధతి ప్రకారం తీసుకున్నారు. టుటుయిలా పెద్దల చేత 1900లో, మనువా దీవుల రాజు చేత 1904లో. ఆ కాగితాలను ఆమోదించడానికి అమెరికా కాంగ్రెస్‌కు 1929 దాకా తీరిక దొరకలేదు. ఈలోగా నౌకాదళమే ఏలింది. నేవీ అధికారే గవర్నరు, ఆయన మాటే చట్టం.

పడమటి సగం చేతులు మారి మారి 1962లో స్వతంత్ర దేశమైంది. ఇవాళ దానికి ఐక్యరాజ్యసమితిలో కుర్చీ ఉంది, తన ప్రధానిని తనే ఎన్నుకుంటుంది. తూర్పు సగం ప్రపంచంలోకెల్లా గొప్ప ప్రజాస్వామ్యం నీడలో ఉంది కాబట్టి దానికి అలాంటి శ్రమ లేదు. 2011 చివర్లో ఆ సమోవా దేశం తేదీ రేఖకు అటువైపు దూకింది. ఇప్పుడు అపియాలో విమానమెక్కితే ముప్పావుగంట లోపే పాంగో పాంగోలో నిన్నటి రోజులో దిగుతారు. కాలెండర్ విషయంలో ఇది విడ్డూరం. పాలన విషయంలో ఉన్న సంగతి.

1951లో నౌకాదళం తప్పుకుని దీవులను ఇంటీరియర్ శాఖకు అప్పగించింది. ఈ శాఖ చూసుకునేవి జాతీయ పార్కులు, ప్రభుత్వ భూములు, వన్యప్రాణులు, రెడ్ ఇండియన్ తెగల వ్యవహారాలు. ఎలుగుబంట్ల లెక్కలు చూసే కార్యాలయంలోనే సమోవావాళ్ల ఫైలు కూడా ఉంటుందన్నమాట. తమ గవర్నరును తామే ఎన్నుకునే అవకాశం వాళ్లకు 1977లో గానీ రాలేదు. ఇప్పటికీ అక్కడి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిని నియమించేది ఇంటీరియర్ మంత్రే. వాళ్ల రాజ్యాంగంలో ఒక ముక్క మార్చుకోవాలన్నా అమెరికా కాంగ్రెస్ చట్టం చేయాలి.

చట్టసభ పేరు ఫోనో. పై సభలో 18 మంది. వాళ్లను జనం ఎన్నుకోరు, కుటుంబ పెద్దలైన మటాయిలు తమ మండళ్లలో కూర్చుని తేలుస్తారు. కింది సభలో ఎన్నికైన 20 మంది, వాళ్లతోపాటు స్వెయిన్స్ అనే బుల్లి దీవికి ఒక ప్రతినిధి. ఆయన మాట్లాడొచ్చు, ఓటు వేయకూడదు. 2020 జనాభా లెక్కల్లో ఆ దీవిలో తేలినవాళ్లు సున్నా. మనుషుల్లేని దీవికి ఓటులేని ప్రతినిధి, సబబుగానే ఉంది. ఇక్కడి నుంచి అమెరికా ప్రతినిధుల సభకు వెళ్లే ప్రతినిధి పరిస్థితీ సరిగ్గా ఇదే. కమిటీల్లో మాట్లాడొచ్చు, బిల్లు తుది ఓటింగుకు వచ్చినప్పుడు మాత్రం చేతులు కట్టుకుని చూడాలి. ఒక్కటే తేడా, ఈ దీవుల్లో మనుషులున్నారు.

అధ్యక్ష ఎన్నిక ముచ్చట ఇంకా రుచిగా ఉంటుంది. అభ్యర్థిని తేల్చే పార్టీ పోటీలో వీళ్లు ఓటు వేయొచ్చు. నవంబరులో అసలు ఓటింగు రోజున ఇంట్లో కూర్చోవాలి. 2020లో మైకేల్ బ్లూంబర్గ్ అనే కుబేరుడు 50 కోట్ల డాలర్లకు పైగా గుమ్మరించి, పలు రాష్ట్రాల్లో ఒకేసారి ఈ పోటీ జరిగే సూపర్ ట్యూస్‌డే నాడు గెలిచింది అమెరికన్ సమోవా ఒక్కటే. మర్నాడే దుకాణం కట్టేశాడు. 2024లో అక్కడ సాక్షాత్తూ పదవిలో ఉన్న జో బైడెన్‌ను, అంతకుముందు ఆ దీవి ముఖమే చూడని జేసన్ పామర్ అనే వ్యాపారి 51 ఓట్లకు 40తో ఓడించాడు. దేశమంతా నవ్వుకుంది. వంటింట్లో రుచి చూడనిచ్చి విస్తరి దగ్గర లేపేసే చోట జనం ఆ రుచి చూడటంలోనే కాస్త వినోదం వెతుక్కుంటే తప్పేమిటి?

ఇక ఆ పాస్‌పోర్ట్ వాక్యం ఎక్కడిది? 1901లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల పుణ్యం. స్పెయిన్ దగ్గర గెలుచుకున్న దీవులకు రాజ్యాంగం మొత్తం వర్తిస్తుందా అనేది ప్రశ్న. ఆచారాలు, మతం, ఆలోచన వేరుగా ఉన్న పరాయి జాతులను మన సూత్రాల ప్రకారం ఏలడం కొంతకాలం కుదరకపోవచ్చునని జస్టిస్ హెన్రీ బ్రౌన్ రాశారు. నల్లవాళ్లకు వేరే రైలుపెట్టె న్యాయమేనని 1896లో తీర్పు రాసింది కూడా ఈయనే. రైలుపెట్టె తీర్పును అమెరికా 1954లో చెత్తబుట్టలో వేసి సిగ్గుపడింది. దీవుల తీర్పును బీరువాలో భద్రంగా పెట్టుకుంది. అప్పటి "కొంతకాలం" ఇంకా నడుస్తోంది.

యూటాలో స్థిరపడిన కొందరు సమోవావాళ్లు కోర్టుకెక్కారు. 2019 డిసెంబరులో జిల్లా జడ్జి మీరు పుట్టుకతోనే పౌరులన్నారు. మర్నాడు ఆ జడ్జిగారే తన తీర్పు అమలును ఆపేశారు. పౌరసత్వం ఒక్క రోజు ముచ్చటైంది. 2021లో పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2022 ఏప్రిల్‌లో వేరే కేసులో జస్టిస్ గోర్సచ్, ఆ 1901 తీర్పులు జాతి దురభిమానం మీద కట్టినవనీ వాటికి మన న్యాయంలో చోటుండకూడదనీ రాశారు. అక్టోబరులో యూటా వాళ్ల కేసు గుమ్మంలోకొచ్చి నిలబడితే సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు.

మన తెలుగువాళ్లకు ఈ కథ ఇంకోలా అర్థమవుతుంది. డల్లాస్‌లో హెచ్1బి వీసా మీదున్న జంటకు పాప పుడితే ఆ పాప తొలి ఏడుపే అమెరికా పౌరురాలి ఏడుపు. ఆ హక్కుకు కోత పెడుతూ 2025 జనవరిలో ట్రంప్ ఆదేశం ఇచ్చినప్పుడు మన వాట్సాప్ గ్రూపులు ఎంత అల్లాడాయో తెలిసిందే. ఆ భయం సమోవావాళ్లకు అయిదారు తరాలుగా అలవాటు. తులసి గబార్డ్ మనవాళ్లకు బాగా తెలిసిన పేరు. భగవద్గీత మీద ప్రమాణం చేసి కాంగ్రెస్‌లో అడుగుపెట్టినావిడ, 2025లో అమెరికా గూఢచార సంస్థలన్నిటికీ పెద్ద దిక్కయినావిడ. పుట్టింది ఈ టుటుయిలాలోనే, 1981లో. తల్లిదండ్రులు పౌరులు కాబట్టి ఆవిడా పుట్టుకతోనే పౌరురాలు. అదే రోజుల్లో అదే దీవిలో ఊరివాళ్లకు పుట్టిన పిల్లలు కాలేదు. వాళ్లకు కావాలంటే ఏదో ఒక రాష్ట్రానికి తరలిపోయి, వందల డాలర్ల రుసుము కట్టి, ఇంగ్లిష్ పరీక్షా పౌరశాస్త్రం పరీక్షా పాసై, తాము పుట్టినప్పటినుంచీ మొక్కుతున్న జెండాకు కొత్తగా విధేయత ప్రకటించాలి.

విధేయతకు కొదవుందా అంటే అదీ లేదు. అమెరికా సైన్యంలో మనుషుల్ని చేర్పించడంలో దేశంలోని కేంద్రాలన్నిటికన్నా పాంగో పాంగో ముందు నిలిచిన ఏళ్లున్నాయి. ఇరాక్ యుద్ధంలో జనాభా లెక్కన ఏ రాష్ట్రం కన్నా ఎక్కువ ప్రాణాలిచ్చింది ఈ దీవులే. శవపేటిక మీద కప్పే జెండాకు మాత్రం అదనపు వాక్యం అచ్చువేయరు.

బతుకుతెరువు? రెండే. ఒకటి ప్రభుత్వోద్యోగం, వాషింగ్టన్ నిధులు. రెండోది ట్యూనా చేప. స్టార్‌కిస్ట్ ఫ్యాక్టరీ రేవు ఒడ్డునే ఉంది. కంపెనీ 2008 నుంచీ దక్షిణ కొరియా డాంగ్వన్ వాళ్లది. పనివాళ్లలో చాలామంది పక్క సమోవా దేశంనుంచి వచ్చినవాళ్లు. డబ్బా మాత్రం అమెరికా సరుకు. కంపెనీకి ఈ చోటు ఎందుకు ముద్దంటే, దీవి ఒకేసారి అమెరికా లోపలా ఉంటుంది, బయటా ఉంటుంది. సుంకం దగ్గరికొస్తే లోపల, డబ్బాలు పన్నులేకుండా అమెరికా అంగళ్లకు పోతాయి. కూలి దగ్గరికొస్తే బయట, 2007 మొదట్లో అమెరికా కనీస వేతనం గంటకు 5.15 డాలర్లయితే ఈ చేపల ఫ్యాక్టరీల్లో 3.26. విదేశీ పడవలు నేరుగా చేపలు దించడం దగ్గరికొస్తే మళ్లీ బయట. ఆ కూలి కొద్దికొద్దిగా పెరిగింది, పెంపు మధ్యలో ఆగింది, మళ్లీ పెరిగింది, ఇప్పటి అమెరికా కనీస వేతనం 7.25ను మాత్రం అందుకోలేదు. పెంచితే ఏమవుతుందో 2009లో చూపించారు. చికెన్ ఆఫ్ ద సీ అనే రెండో కంపెనీ సెప్టెంబరు 30న మూసేసి జార్జియా రాష్ట్రానికి పోయింది. దాని ముందురోజే సునామీ వచ్చి అక్కడ 34 మందిని చంపింది. రెండు అలలూ ఒకే వారంలో.

ఒక నిజం దాచకూడదు. పౌరసత్వం వద్దని కోర్టులో వాదించినవాళ్లలో అమెరికన్ సమోవా ప్రభుత్వమే ఉంది. అక్కడ నూటికి తొంభై పాళ్ల భూమి కుటుంబాల ఉమ్మడి సొత్తు. సగం సమోవా రక్తం లేనివాడికి అమ్మకూడదు. పౌరసత్వం వస్తే, సమానత్వం పేరుతో ఆ కట్టుబాటును ఎవడో కోర్టుకీడ్చి, హవాయిలో జరిగినట్టు భూములు చేజారతాయని మటాయిల భయం. హవాయిని చూసినవాళ్లెవరూ ఆ భయాన్ని కొట్టిపారేయలేరు. కానీ ఆ భయం వాషింగ్టన్‌కు బాగా కలిసొచ్చింది. వాళ్ల సంస్కృతిని గౌరవిస్తున్నాం కాబట్టే ఓటు ఇవ్వడం లేదని కళ్లొత్తుకుంటూ చెప్పగలుగుతోంది. పరాయి జాతులని తోసేసిన 1901 తీర్పే ఇప్పుడు ఆ జాతుల ఆచారాలకు కాపలాదారు వేషం వేసింది. మరి ఉత్తర మరియానా దీవుల మాటేమిటి? అక్కడివాళ్లు 1986 నుంచీ అమెరికా పౌరులు. భూమి స్థానికులకే దక్కాలన్న నిబంధనా అలాగే ఉంది, అది చెల్లుతుందని అమెరికా కోర్టే అంది. కాంగ్రెస్ తలచుకుంటే పౌరసత్వమూ భూమీ రెండూ ఇవ్వొచ్చు. తలచుకోవడానికి ఓట్లున్నవాళ్లు అడగాలి. వీళ్లకు ఓటు లేదు.

అలాస్కాలో ఒక చిన్న ఊళ్లో 2025లో అమెరికన్ సమోవాలో పుట్టిన 10 మంది మీద కేసులు పెట్టారు. నేరం, ఎన్నికల్లో ఓటు వేయడం. అమెరికా పాస్‌పోర్ట్ ఉన్నవాడు అమెరికా ఎన్నికలో ఓటు వేస్తే నేరమవుతుందని వాళ్లు ఊహించలేకపోయారట. ఎవరు ఊహిస్తారు?

సమోవా పెద్దల మాట కాదనలేమంటున్న వాషింగ్టన్ మర్యాద ఎంతవరకో కూడా తేలిపోయింది. తమ చుట్టూ సముద్రగర్భంలో గనులు తవ్వొద్దని 2024లో అమెరికన్ సమోవా గవర్నరు నిషేధం పెట్టారు. 2025లో ఒక కాలిఫోర్నియా కంపెనీ ఆ ఖనిజాల కోసం దరఖాస్తు పెట్టగానే అదే ఇంటీరియర్ శాఖ లీజు ప్రక్రియ మొదలెట్టింది. కొత్త గవర్నరూ అభ్యంతరం చెప్పారు. దీవి జనం ఒద్దు మొర్రో అన్నారు. శాఖ ఆగలేదు.