బి-సైడు రసికుడు

పాత వినైల్ రికార్డులను పోగుచేసేవారు ఇంగ్లండులోనూ అమెరికాలోనూ అనేక తెగలుగా చీలి ఉండగా, వాటన్నిటిలోకీ అతి చిన్నదీ అతి గర్విష్ఠీ అయిన తెగ బి-సైడు రసికులది. మామూలు సేకరణదారుడు పేరున్న గాయకుల రికార్డులు కొంటాడు. అతనికంటే ఒక మెట్టు పైనున్నవాడు పేరున్నవారి పేరులేని రికార్డులు కొంటాడు. బి-సైడు రసికుడు మాత్రం, జన్మకొక పాటతో మారుమోగి ఆ తరువాత ఆచూకీ లేకుండా పోయిన గాయకుల (వీరిని అక్కడ వన్-హిట్ వండర్లు అంటారు) రికార్డులను ఏరి తెచ్చుకుని, మారుమోగిన ఆ ఒక్క పాటనూ వదిలిపెట్టి, దాని వెనకవైపున్న పాటనే వింటాడు. ఊరంతా మెచ్చినదాన్ని మెచ్చడానికి చెవులుంటే చాలుననీ, ఎవరూ విననిదాన్ని మెచ్చడానికి సంస్కారం కావాలనీ ఇతని సిద్ధాంతం.

ఈ సిద్ధాంతానికి ఆధారమైన వస్తువును 1949లో ఆర్‌సీఏ విక్టర్ సంస్థ మార్కెట్టులోకి తెచ్చింది. నిమిషానికి 45 సార్లు తిరిగే ఆ ఏడంగుళాల రికార్డు మీద సాధారణంగా ఒక్కోవైపు ఒక్కో పాట ఉండేది గనుక దానికి సింగిల్ అనే పేరు స్థిరపడింది. రేడియోలో మోగాలనీ, దుకాణాల్లో అమ్ముడుపోవాలనీ కంపెనీ ఆశపెట్టుకున్నది ఎ-సైడు. రికార్డుకు రెండో ముఖం ఉండక తప్పదు గనుక దాన్ని నింపడానికి పెట్టినది బి-సైడు. అయితే రికార్డు అమ్ముడైన ప్రతిసారీ వెనకవైపు పాట రాసినవారికీ ముందువైపు పాట రాసినవారితో సమానంగా రాయల్టీ ముట్టేది కాబట్టి, ఆ చోటును తమ సొంత రచనతో నింపుకోవాలని నిర్మాతలూ గాయకులూ ఆత్రపడేవారు. నిర్మాత ఫిల్ స్పెక్టర్ అయితే, రేడియోవారు తన ఎ-సైడును కాదని పొరపాటున వెనకవైపు వేయకూడదని, వాద్యగాళ్ళు ఊసుపోక వాయించినదాన్ని అక్కడ పెట్టించేవాడు. ఎవరూ వినకూడదనే చేసిన ఈ సంగీతంలో బి-సైడు రసికుడికి నిర్భయమైన ప్రయోగశీలత వినిపిస్తుంది. బి-సైడు కళాచరిత్రకంటే జమాఖర్చుల పుస్తకానికే దగ్గరి చుట్టమన్న సంగతి ఇతనికి తెలియక కాదు, చెప్పినవారితో తరువాత మాట్లాడడంతే.

ఇంగ్లండులో జనం ఇంటి పాత సామాను కార్లలో తెచ్చి మైదానంలో అమ్ముకునే ఆదివారపు సంతలో, తడిగడ్డి మీద మోకాళ్ళూని అట్టపెట్టెలో తల దూర్చి కనిపించే నడివయసు మనిషి ఇతడే కావచ్చు. ఇతడు ముందుగా చూసేది గాయకుని పేరు కాదు. పాట ముగిసే చోటికీ లేబులుకూ మధ్య, గాడులు అయిపోయిన నున్నని భాగంలో గీసి ఉండే మేట్రిక్స్ సంఖ్యను భూతద్దంతో చదివి, అది తొలి ముద్రణో మలి ముద్రణో తేలుస్తాడు. తరువాత గోటితో అంచు మీద తట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు, ఎందుకంటే అమెరికా సింగిల్స్‌లో చాలావాటిని వినైల్‌తో కాక త్వరగా అరిగిపోయే పాలీస్టైరీన్‌తో చేశారు. సేకరణదారుల శ్రేణీకరణలో ‘మింట్’, ‘నియర్ మింట్’, ‘వెరీ గుడ్ ప్లస్’, ‘వెరీ గుడ్’ అన్నవి దాటిన తరువాత గాని ‘గుడ్’ రాదు; ఆ గుర్తున్న రికార్డు మీద పాటకంటే చిటపటలే ఎక్కువ వినిపిస్తాయి. ఇతనికి దానితోనూ పేచీ లేదు. ఇతని గుండె పగిలేది ఒక్క సందర్భంలోనే: ఏళ్ళ తరబడి వెదికిన సింగిల్ దొరికి, ఇల్లు చేరాక అది రేడియో స్టేషన్లకు పంపిన ప్రచార ప్రతి అని తేలినప్పుడు. అటువంటి ప్రతుల్లో అనేకం ఒకవైపు మోనోలోనూ మరోవైపు స్టీరియోలోనూ ఎ-సైడు పాటనే మోసుకొస్తాయి.

1969లో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ పాటల పట్టికల్లో మొదటి స్థానానికి చేరిన ‘ఇన్ ది ఇయర్ 2525’ను ఎవరైనా ప్రస్తావిస్తే, దాన్ని పాడిన జేగర్-ఎవాన్స్ జంట వెనకవైపు పాట సంగతి ఇతడు ఎత్తుకుంటాడు, ఎదుటివారు కాఫీ తాగడం మానేస్తారు. 1966లో నెపోలియన్ 14 అనే మారుపేరుతో జెర్రీ శామ్యూల్స్ పిచ్చాసుపత్రి మీద హాస్యగీతం చేసినప్పుడు, బి-సైడుగా అదే పాటను తలకిందులుగా, చివరి నుంచి మొదటికి నడిపించి, లేబులు మీద పేరు కూడా తిరగేసి అచ్చు వేయించారు. ఆ వెనకవైపును శ్రద్ధగా విని, అందులో గొంతు ఒదుగు మరింత బాగుందని నిర్ణయించిన మనుషులు భూమి మీద ఉన్నారంటే అది ఇతని తెగ చలవే. ఇతని శాస్త్రాన్ని ఇరకాటంలో పెట్టినది మాత్రం 1969 నాటి ‘నా నా హే హే కిస్ హిమ్ గుడ్‌బై’. అది ఎవరూ తిప్పి వేయని నాసిరకం బి-సైడు కావాలని స్టూడియోలో ఉద్దేశపూర్వకంగా కట్టినది. సాహిత్యం చాలకపోతే ‘నా నా’లతో పూరించారు. కంపెనీవారు దాన్నే ముందువైపు వేస్తే, స్టీమ్ అనే బృందం నిజానికి లేకుండానే ఆ పేరు మీద డిసెంబరులో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. పుట్టుకను బట్టి దాన్ని పూజించాలో, ప్రతిష్ఠను బట్టి వెలివేయాలో ఇతడు ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇతని తెగకు పుణ్యక్షేత్రం ఉత్తర ఇంగ్లండులోని విగన్ పట్టణం. అక్కడ 1973లో మొదలైన విగన్ క్యాసినో రాత్రుల్లో, అమెరికాలో అమ్ముడుపోని సోల్ సంగీతపు రికార్డులకు యువజనం తెల్లవార్లూ నాట్యం చేసేవారు. రికార్డులు వేసే డీజేలు, పోటీదారులు ప్రతి సంపాదించకుండా లేబులు మీద కాగితం అంటించి, లేని గాయకుల పేర్లు కల్పించి చెప్పేవారు. పాటను పదిమందికీ వినిపించాలి, పేరు మాత్రం ఎవరికీ తెలియకూడదు అనే ఈ ధర్మసూక్ష్మమే ఇతని మతానికి మూలం. గ్లోరియా జోన్స్ పాడగా 1965లో బి-సైడుగా వచ్చి మూలపడిన ‘టెయింటెడ్ లవ్’ను రిచర్డ్ సెర్లింగ్ అనే డీజే ఫిలడెల్ఫియాలో పట్టి ఇంగ్లండుకు తెచ్చాడు. 1981లో సాఫ్ట్ సెల్ అనే జంట దాన్ని తిరిగి పాడితే బ్రిటన్‌లో మొదటి స్థానం దక్కింది. ఆ జంట వెనకవైపున కూడా సొంత పాట పెట్టక పరుల పాటే పాడి, రచయితల రాయల్టీ రెండువైపులా వదులుకుంది. లోకం దృష్టిలో ఇది మరుగునపడిన పాటకు దక్కిన న్యాయం. బి-సైడు రసికుడి దృష్టిలో ఒక మంచి పాట సంతలో పడి చెడిపోవడం.

ఈ తెగవాని ఇంటికి అతిథులుగా వెళ్ళే పాఠకులు ముల్లు దించిన తరువాత మాట్లాడరాదు, పాట ముగిశాక "అద్భుతం" అనవచ్చు, "మా అబ్బాయి మొన్న ఫోనులో ఇదే విన్నాడు" అని మాత్రం అనరాదు. ఆ మాట చెవిన పడిన రికార్డు ఆ వారమే అమ్మకానికి వస్తుంది; కాబట్టి దాన్ని చవకగా కొనదలచినవారు మాత్రం నిస్సంకోచంగా అనవచ్చు.