ఎవరో గారి వ్యాఖ్యానం

సూరత్ అడాజన్‌లో ఇవాళ భాగవతానికి అర్థం చెప్పేవాళ్ళకు కరువు లేదు. మా అపార్ట్‌మెంట్ల తెలుగు గ్రూపులో తెల్లారేసరికి నాలుగు శ్లోకాలు, ఆరు అంతరార్థాలు వచ్చి పడి ఉంటాయి. వాటిని ఎవరు చెప్పారని అడిగితే మాత్రం ‘నాకూ ఎవరో పంపారండీ’ అంటారు. ఆ ఎవరోను పట్టుకుంటే ఆయనకు ఇంకెవరో. ఈ ఎవరో గారి పాండిత్యం ముందు మల్లినాథ సూరి కూడా చేతులు కట్టుకు నిలబడాల్సిందే.

మల్లినాథుడు మా తెలంగాణవాడే, మెదక్ దగ్గరి కొల్చారం. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య మొదలుపెడుతూ ఆయన రెండు మాటలు ఇచ్చాడు: మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను. ఈ రెంటినీ మా గ్రూపుకు నియమాలుగా పెడితే ఇక మిగిలేవి పుట్టినరోజు శుభాకాంక్షలే.

మా రోజుల్లో ఇట్లా నడిచేది కాదు. నేను సిరిసిల్ల నుంచి వచ్చి లింబాయత్‌లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసినవాణ్ని. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి దిగిన పద్మశాలీలతో ఆ గల్లీలు నిండి ఉండేవి. సూరత్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు నడుపుతున్నదంటే ఊరికే కాదు. సాంచాలు ఆగిన రాత్రి మా గల్లీలో పోతన భాగవతం పెట్టేవాళ్ళం. పద్యం ఒకరు చదవాలి, అర్థం ఇంకొకరు చెప్పాలి. రెండూ ఒక్కరే చేస్తే అడిగేవాడు లేకుండా పోతాడని మా పెద్దల లెక్క. మిగిలిన జనం పని అడ్డం తగలడం. పగలూ రాత్రీ సాంచాల మోతలో బతికి అందరికీ చెవులు మందగించాయి కాబట్టి అరిచి మాట్లాడేవాళ్ళం. కొత్తవాడు వింటే అన్నదమ్ముల ఆస్తి పంచాయితీ అనుకునేవాడు. ప్రహ్లాదుడి కథ నడుస్తోందని చెప్పినా నమ్మేవాడు కాదు.

గజేంద్ర మోక్షం దగ్గర ఒకసారి పెద్ద రగడ అయింది. విష్ణువు లక్ష్మికి చెప్పకుండా, శంఖచక్రాలు పట్టకుండా పరుగెత్తి వచ్చే పద్యం తెలుగువాడికి ఎవరికి తెలియదు? దాని వెనక ఒక కథ చెబుతారు. ఆయుధం లేకుండా వచ్చి ఏనుగును ఎట్లా కాపాడతాడని శ్రీనాథుడు వెక్కిరించాడట. పోతన బావిలో రాయి పడేయించి, నీ కొడుకు పడ్డాడని కేక పెట్టించాడట. శ్రీనాథుడు తాడూ నిచ్చెనా లేకుండా పరుగెత్తాడట. అర్థం చెప్పే పెద్దయ్య దీన్ని కళ్ళకు కట్టినట్టు చెప్పాడు. వెనక నుంచి ఒక పిల్లగాడు, కండెలు చుట్టే పనికి కొత్తగా చేరినవాడు, లేచి అడిగాడు: “పెద్దయ్యా, ఇది పుస్తకంల ఏడున్నదో సూపియ్యి.”

ఎవరూ వాణ్ని కోప్పడలేదు. పెద్దయ్య పుస్తకం మూసి, “పుస్తకంల లేదురా. ఇది జనం చెప్పుకునే ముచ్చట. పద్యం పోతనది, ముచ్చట మనది” అన్నాడు. ఆ మాటను పద్యం పక్కన అంచులో పెన్సిల్‌తో రాశారు. కింద చెప్పినాయన పేరు, అడిగినవాడి పేరు కూడా.

అట్లా ఆ పుస్తకం అంచులన్నీ నిండిపోయాయి. ఒక అర్థం మీద ఇద్దరికి పడకపోతే రెండూ రాసేవాళ్ళం, ఎవరిది వాళ్ళ పేరుతో. ఊరికి పోయి అక్కడి అయ్యగారిని అడిగి వచ్చినవాడు ఆ జవాబూ చేర్చేవాడు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నీళ్ళు వదిలితే తాపీ నది ఊరి మీద పడ్డప్పుడు ఆ పుస్తకం అడాజన్‌లో మా కొడుకింట్లో కింది అరలో ఉంది. ఎండబెట్టి చూస్తే సిరాతో రాసినవి అలుక్కుపోయాయి, పెన్సిల్ రాతలు అన్నీ ఉన్నాయి. సిరా పెన్ను కొనుక్కుని గొప్పకు పోయినవాళ్ళ వ్యాఖ్యానాలు తాపీలో కలిశాయన్నమాట.

ఇది మా గల్లీ వాళ్ళు కనిపెట్టిన పద్ధతేమీ కాదు. పోతన భాగవతమే ఒక్క చేతి మీద పూర్తి కాలేదు. అయిదో స్కంధం గంగనది, ఆరోది సింగనది, పదకొండు, పన్నెండు నారాయణవి. స్కంధం చివరి గద్యలో ఎవరి పేరు వాళ్ళు చెప్పుకున్నారు, పోతన పేరు వెనక దాక్కోలేదు. భారతం సంగతి సరేసరి, ముగ్గురి పనీ ముగ్గురి పేర్లతోనే మనకు తెలుసు. తిరుమల దేవస్థానం వారు ఆ భారతాన్ని వ్యాఖ్యతో 15 సంపుటాలుగా అచ్చేస్తే పండితులు పంచుకుని రాశారు. ఎవరు ఏది రాశారో పుస్తకం తెరిస్తే తెలుస్తుంది.

పోనీ, అడాజన్ గుజరాతీలను చూసైనా నేర్చుకోవచ్చు. ఇక్కడి స్వామినారాయణ మందిరానికి మనవాళ్ళూ వెళ్తారు, ప్రసాదం తిని ఫోటో దిగి వస్తారు. వాళ్ళ వచనామృతం ఎప్పుడైనా తెరిచారా? 1819 నుంచి 1829 దాకా సహజానంద స్వామి సభల్లో చెప్పినవి ఆయన శిష్యులు కలిసి కూర్చిన గ్రంథం అది. ప్రతి ప్రసంగం ముందు తిథి, ఊరు, స్వామి ఎక్కడ కూర్చున్నాడు, ఏ బట్టలు కట్టాడు అన్నీ రాసిపెట్టారు. ఏ సాధువు ప్రశ్న అడిగాడో కూడా ఉంటుంది. తలపాగా రంగు మనకెందుకని నేనూ మొదట నవ్వాను. కానీ తలపాగా సంగతి కూడా వదలని మనిషి, చెప్పని మాటను చెప్పినట్టు రాయడు.

సూరత్ నుంచి తూర్పుకు రోడ్డు పట్టుకుపోతే ధూలియా వస్తుంది. 1932లో అక్కడి జైల్లో వినోబా తోటి ఖైదీలకు వారం వారం గీత చెబితే సానే గురూజీ రాసుకున్నాడు. గీతా ప్రవచనాలు అట్లా పుస్తకమైంది. చెప్పింది ఎవరు, రాసింది ఎవరు, ఏ జైలు, ఏ ఏడాది, అన్నీ తెలుసు. జైల్లో సాధ్యమైంది సెంట్రల్ ఏసీ ఫ్లాట్లలో సాధ్యం కావడం లేదు.

ఇప్పుడు మనుషుల అవసరం కూడా తీరిపోయింది. మా మనవడు ఫోన్‌లోని యంత్రాన్ని అడిగి గజేంద్ర మోక్షానికి వ్యాఖ్యానం తెప్పించాడు. చక్కటి తెలుగు, ఒక్క తడబాటు లేదు. బావి ముచ్చటను మాత్రం చరిత్రలో జరిగినట్టే రాసింది. ఏ స్కంధం, ఏ పద్యం అని అడిగించాను. క్షమించమంది, ఇంకో కథ చెప్పింది. మా పెద్దయ్య కనీసం పుస్తకం మూసి ఒప్పుకునేవాడు.

ఫోన్‌తో మేలు లేదని నేననను. నా కళ్ళకు అక్షరం పెద్దది చేసి చూపిస్తుంది. హజీరా ఫ్యాక్టరీల్లో పనిచేసే ఇంజినీర్లు, లింబాయత్ సాంచాలవాళ్ళు ఒకే గ్రూపులో ఉండటం మా కాలంలో జరిగే పని కాదు, తాపీ దాటి రావడానికే సగం పూట పట్టేది. నలుగురు కలవడానికి ఇంత వీలుండి కూడా ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగరే అని నా మంట. అంతరార్థం కింద వరసగా దండాలు, పూలగుత్తులు. మొన్న ఒకచోట ‘ఇది ఎక్కడుంది?’ అని రాశాను. గ్రూపు నడిపే అబ్బాయి నాకు విడిగా ఫోన్ చేసి, “పెద్దవారు, మీరే నెగెటివ్‌గా మాట్లాడితే ఎట్లా అంకుల్” అన్నాడు.

సరే, ఇకనుంచి ప్రశ్నలు వెయ్యను. నాకు పంపేవాళ్ళు మాత్రం ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. స్కంధం, పద్యం సంఖ్య, అర్థం చెప్పినవారి పేరు ఉండాలి. సంఖ్యలు ప్రతికీ ప్రతికీ కొంచెం మారతాయి కాబట్టి ఎవరు అచ్చేసిన ప్రతో కూడా రాయాలి. అర్థం మీ సొంతమైతే మీ పేరే పెట్టండి, సంతోషంగా చదివి పోట్లాడతాను. ఇవేవీ లేకుండా వచ్చినదాన్ని తెరవకుండానే తీసేస్తున్నాను, శుభోదయంతో సహా.