తలెత్తి చూడండమ్మా!

“మీ ఎడం చెయ్యి ఏం చెబుతోంది?” అని అడిగారు ఆర్కెస్ట్రా కండక్టింగ్ వర్క్‌షాపులో శిక్షకులు. అప్పట్నుంచీ పళ్ళు తోముకుంటున్నా, కారు నడుపుతున్నా నా ఎడం చేతినే గమనించుకుంటున్నాను. ఏమీ చెప్పడం లేదు. కుడిచెయ్యి ఏం చేస్తే తనూ అదే చేస్తోంది. అదే నేరమట! కుడిచెయ్యి తాళం చూపాలి, ఎడం చెయ్యి భావం చూపాలి: ఇక్కడ మెల్లగా, అక్కడ పెంచండి, వయోలాలూ ఇక మీ వంతు. నా చేతికి రాసిచ్చిన మందేమిటంటే, దాన్ని జేబులో పెట్టుకుని ఒంటిచేత్తో సాధన చేయడం.

టెక్సస్‌లో నాలాంటి బడి ఆర్కెస్ట్రా టీచర్లకు వేసవి అంటే కండక్టింగ్ వర్క్‌షాపే. మూడు లెక్కయితే కిందికి, బయటికి, పైకి. నాలుగైతే కిందికి, లోపలికి, బయటికి, పైకి. చిన్నప్పుడే ఆది తాళం తొడమీద వేసినవాళ్ళకి ఇదో లెక్కా అనుకుంటారు. చిక్కంతా మొదటి దెబ్బకి ముందుండే ఊపులో ఉంది. ఊపిరి తీసుకున్నట్టుండే ఆ ఒక్క కదలికలోనే పాట వేగం, బలం, స్వభావం తెలిసిపోవాలి. దానిమీదే ఓ పూట గడిచిపోయింది.

ఫ్రెంచి స్వరకర్త లల్లీగారి చావు ప్రస్తావన లేకుండా ఇలాంటి చోట కాఫీ విరామమైనా గడవదు. 1687 జనవరి. పారిస్‌లో పద్నాలుగో లూయీ శస్త్రచికిత్స నుంచి కోలుకున్నాడని కృతజ్ఞతా గానం పెట్టారు. ఆ రోజుల్లో పొడవాటి కర్రతో నేలను కొట్టి తాళం వేసే పద్ధతి ఉండేది. ఊపులో కర్ర తాళం వేస్తున్న లల్లీ కాలిమీదే పడింది. పుండు ముదిరింది. కాలు తీసేద్దామన్నారు వైద్యులు. ఆయన నాట్యగాడు కూడానాయె, ససేమిరా అన్నాడు. మార్చిలో పోయాడు. కత్తి పడ్డ రాజుగారేమో 1715 దాకా నిక్షేపంగా ఉన్నారు. జబ్బు ఒకరిది, సంబరం ఇంకొకరిది, చావు మాత్రం సంబరం చేసినవాడిది! “చూశారా, తేలికపాటి బ్యాటన్ వచ్చి మనల్నెలా కాపాడిందో” అంటారు అందరూ. నాకు మాత్రం అసూయ. ఎందుకంటే ఆయన కర్ర వినబడేది! తల వంచుకున్నవాడికీ, కిటికీలోంచి బయటికి చూసేవాడికీ వినబడేది. పని బూట్ల దుకాణంలో ఇనుప ముక్కున్న జోళ్ళు దొరుకుతున్నాయి. అవి వేసుకుంటాను, ఆ కర్ర నాకిప్పించండి. పూచీ నాది. కావాలంటే కాలివేళ్ళకి బీమా చేయిస్తాను.

ఎందుకంటే ఆరో తరగతి పిల్లలకి కళ్ళు రెండే. ఒకటి నోట్ల మీద, ఒకటి వేళ్ళ కింద అంటించిన రంగు టేపుల మీద. మూడోది ఉంటే అది గోడ గడియారం మీద ఉండేది. పీరియడ్‌లో సగం శ్రుతికే పోతుంది. ఒకరి చెల్లో బిరడా జారుతుంది, ఇంకొకరి వయొలిన్ తీగ తెగుతుంది. ఒకడి దగ్గర విల్లుకి రాసే రోజిన్ లేదు. పక్కవాడి దగ్గర రోజిన్ ఉంది గానీ విల్లు ఇంట్లో ఉంది. వీళ్ళ ముందు నా ఎడం చెయ్యి ఏం చెబితే ఏం, చెప్పకపోతే ఏం? వర్క్‌షాపులో ఎదురుగా కూర్చుని వాయించేది తోటి టీచర్లు. కనుబొమ్మ కదిపితే స్వరం తగ్గిస్తారు. పిల్లల తల ఎలా ఎత్తించాలో మాత్రం ఎవరూ నేర్పరు. అడిగితే, “మీ సంజ్ఞ స్పష్టంగా ఉంటే వాళ్ళే చూస్తారు” అంటారు. చూడనివాళ్ళకి స్పష్టత ఎలా తెలుస్తుందండీ?

చూడరని కాదు. చూస్తారు. ఎనిమిదో తరగతి చివర్లో, మే నెల కచేరీలో, ఎవరో ఒకరు మధ్యలో తలెత్తుతారు. ఇంకొకరు ఎత్తుతారు. నేను నెమ్మదిస్తే వాళ్ళూ నెమ్మదిస్తారు. అంతలో మా బడి వదిలేస్తారు. హైస్కూల్లో ఇంకో టీచరు ఎదుట తలెత్తి కూర్చుంటారు, లేదా పరీక్షల బరువు పెరిగి వయొలిన్‌ను అద్దె కొట్టుకి తిరిగిచ్చేస్తారు. నాకు ఆగస్టులో మళ్ళీ వంచిన తలలు వస్తాయి.

ఇంత సణిగి కూడా ప్రతి వేసవీ ఫీజు కట్టి ఎందుకు వెళ్తామో నాకిప్పుడు అర్థమవుతోంది. నేర్చుకోవడానికే వెళ్తున్నామని బడికి రాసిచ్చే కాగితంలో ఉంటుంది. నిజానికి ఆ కొద్దిరోజులూ మనం చెయ్యెత్తితే గదిలో ఉన్నవాళ్ళంతా మనవైపే చూస్తారు.