కంపెనీ చూసుకుంటుంది

మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్‌గా గుంటూరులో చేరిన కొత్తలో నాకో జబ్బు పట్టుకుంది. దానికి మా బ్యాగులో శాంపిల్ కూడా లేదు. టీకొట్టు దగ్గర నిలబడినా, పెళ్లి పందిట్లో కూర్చున్నా, డబ్బు మాట వినిపిస్తే చాలు, నోటివెంట దానంతటదే వచ్చేసేది: "మనకేముందండీ, కంపెనీ చూసుకుంటుంది."

కంపెనీ ఏం చూసుకునేదో ముందు చెప్పాలి. మా లోకంలో ఊళ్లు మూడే రకాలు. గుంటూరు హెడ్‌క్వార్టర్. పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరగలిగే తెనాలి, మంగళగిరి ఎక్స్-స్టేషన్. రాత్రికి అక్కడే పడుకోవాల్సిన మాచర్ల అవుట్‌స్టేషన్. రోజు భత్యం హెడ్‌క్వార్టర్‌లో తక్కువ, ఎక్స్-స్టేషన్‌లో కాస్త నయం, అవుట్‌స్టేషన్‌కి లాడ్జి ఖర్చు కూడా కలిపి అన్నిటికంటే ఎక్కువ. అంతా కట్టె కొట్టె తెచ్చె లెక్క. ఈ రకం ఊరికి ఇంత, దాని మీద బస్సు చార్జీ. నెలాఖరున ఎక్స్‌పెన్స్ స్టేట్‌మెంట్ నింపి పంపితే పై నెలలో డబ్బు వచ్చేది.

ఇందులో మర్మమేమిటో మీకీపాటికి తెలిసిపోయే ఉంటుంది. మాచర్లలో పని ముగించుకుని ఆఖరి బస్సెక్కి ఇంటికొచ్చేస్తే లాడ్జి డబ్బు మిగిలిపోతుంది. నువ్వూ అలా చేశావా అని అడక్కండి. సరే, అడిగారు కాబట్టి చెప్తున్నాను. చేశాను. ఆ రోజుల్లో నేను కాగితం మీద మాచర్లలో నిద్రపోతూ గుంటూరులో గురక పెట్టేవాణ్ణి. ఆ మిగిలిన డబ్బుతో మేడలు కట్టలేదు లెండి, పాల బిల్లు కట్టాను. బ్యాంకులోనో బడిలోనో పనిచేసే మీరు మాత్రం క్యాంపుకి స్నేహితుడి బండి వెనక కూర్చుని వెళ్లి బస్సు చార్జీ రాయలేదా? వద్దు, జవాబు చెప్పకండి. మనం మనం ఒకటి.

అయితే నా అసలు తెలివితక్కువతనం ఇది కాదు. కంపెనీ డబ్బు తినేవాడు మూతి తుడుచుకుని మౌనంగా ఉంటాడు. నేను తినని విందులకి కూడా త్రేన్చేవాణ్ణి. ఏసీ లాడ్జీల్లో దిగుతున్నట్టు, కార్లలో తిరుగుతున్నట్టు, డాక్టర్లతో రోజూ స్టార్ హోటళ్లలో భోంచేస్తున్నట్టు అత్తారింటి అరుగు మీద కూర్చుని చెప్పేవాణ్ణి. నిజానికి మాచర్లలో నా మధ్యాహ్న భోజనం బస్టాండు ఎదురు మెస్సులో, అదీ పప్పు రెండోసారి ఊరికే వేస్తారని.

ఈ ప్రగల్భాలకి కారణం మా తోడల్లుడు. పెద్దల్లుడు, గవర్నమెంటు ఉద్యోగి. పెన్షనుంది, క్వార్టర్సుంది, అత్తగారి దగ్గర గడ్డపెరుగుంది. ఆయన దగ్గర లేనిది ఒక్కటే, చేతికి తొందరగా వచ్చే టీఏ బిల్లు. ఆయన బిల్లు పెడితే అది ఆఫీసు దాటి ట్రెజరీకి చేరాలి, బడ్జెట్ ఉందంటే పాసవ్వాలి, లేదంటే ఒక అభ్యంతరం మోసుకుని వెనక్కి రావాలి. ఆ డబ్బు చేతికొచ్చేలోపు వాళ్ల పిల్లాడి క్లాసు మారిపోయేది. పోటీలో నాకున్న ఒకే ఒక్క ఆయుధం అదే. దాన్ని విచ్చలవిడిగా వాడుకున్నాను.

ఒక కార్తీకమాసంలో ఆయన సకుటుంబంగా గుంటూరు వచ్చాడు. మా ఆవిడ వంట మొదలెట్టబోతుంటే నేనే ఆపాను. "వంటెందుకు, హోటల్‌కి పోదాం. కంపెనీ చూసుకుంటుంది" అన్నాను. మా ఆవిడ నావైపు చూసిన చూపుకి అర్థం పూర్తిగా తెలిసి కూడా తెలియనట్టు చెప్పులేసుకున్నాను. సోమవారం కాదు కాబట్టి మాంసానికి అడ్డు లేదని అందరూ తీర్మానించారు. ఏసీ ఫ్యామిలీ రెస్టారెంటు. మటన్ బిర్యానీలొచ్చాయి, అపోలో ఫిష్ వచ్చింది, పిల్లలకి మిల్క్‌షేకులొచ్చాయి. తోడల్లుడు మెనూలో కుడివైపు అంకెలున్న సంగతే మరిచిపోయి ఎడమవైపు మాత్రమే చదివాడు. బిల్లు రాగానే మర్యాదగా నావైపు జరిపి, "తమ్ముడూ, కంపెనీ పేరు మీద రాయించుకో, మర్చిపోయేవు" అన్నాడు. టూర్ అడ్వాన్సు తీసి కట్టాను. నవ్వుతూనే కట్టాను.

నెలాఖరొచ్చింది. అవి ఫ్రింజ్ బెనిఫిట్ టాక్స్ రోజులు. చిదంబరంగారు 2005లో తెచ్చారు, 2009లో ప్రణబ్ ముఖర్జీగారు తీసేశారు. విందులకీ హోటళ్లకీ ప్రయాణాలకీ కంపెనీ పెట్టే ఖర్చులో కొంత వాటాని ఉద్యోగులు అనుభవించిన సుఖంగా లెక్కగట్టి కంపెనీ దగ్గరే పన్ను వసూలు చేసేవారు. దాంతో మా అకౌంట్స్ వాళ్లకి ఎవరు తిన్నారు, ఎందుకు తిన్నారు అనే ఆరా ఎక్కువైంది. హోటల్ బిల్లంటే వెనక డాక్టరు పేరు రాయాల్సిందే.

రాశాను. కొత్తపేటలో బాగా ప్రాక్టీసున్న డాక్టరు పేరే రాశాను. అంత పెద్దాయన పేరు చూస్తే ఎవడూ నోరెత్తడని నా తెలివి. డాక్టర్లకి డిన్నర్లిచ్చే అలవాటు కంపెనీలకి అప్పట్లో ఉండేది. డాక్టర్లు అలాంటివి పుచ్చుకోకూడదని మెడికల్ కౌన్సిల్ 2009 చివర్లో నిబంధన పెట్టింది. అలా ముట్టజెప్పిన ఖర్చుని పన్ను లెక్కల్లో వ్యాపార ఖర్చుగా చూపించడం కుదరదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. నా కేసు ఢిల్లీదాకా పోలేదు, కొత్తపేటలోనే తేలింది.

తరవాతి వారం మా ఏరియా మేనేజరు జాయింట్ వర్క్‌కి, అంటే నాతో కలిసి డాక్టర్ల దగ్గరికి తిరగడానికి, దిగాడు. తిన్నగా ఆ డాక్టరుగారి చాంబర్‌కే పదమన్నాడు. వద్దు సార్, రష్షుంటుంది అన్నాను. పర్లేదన్నాడు. ఆయన ఊళ్లో ఉన్నారో లేదో అన్నాను. బయట కారుంది కదయ్యా అన్నాడు. తలుపు తీశాం. లోపల డాక్టరుగారు. నల్లబట్టలు. మెడలో మాల. నుదుట చందనం. కాళ్లకి చెప్పుల్లేవు. నా మోకాళ్లలో సత్తువ లేదు.

"స్వామి శరణం" అన్నాడు మేనేజరు. ఊరుకోవచ్చుగా, "మొన్న మావాడితో డిన్నర్‌కి వచ్చారు, చాలా సంతోషం సార్" అని కూడా అన్నాడు.

"డిన్నరా? దీక్ష తీసుకున్నాక బయట మంచినీళ్లు కూడా ముట్టడం లేదు స్వామీ."

"ఎప్పుడు తీసుకున్నారు స్వామీ?"

"కార్తీకం మొదటి రోజునే."

నేను విజువల్ ఎయిడ్ తెరిచి యాంటీబయాటిక్ గురించి గడగడా చెప్పడం మొదలుపెట్టాను. ఏ పేజీ తెరిచానో తెలీదు, దగ్గు టానిక్ బొమ్మ చూపిస్తూ చెప్పానని తరవాత మేనేజరే అన్నాడు.

బయటికొచ్చాక మెట్ల మీద నిలబడి బ్యాగులోంచి నా స్టేట్‌మెంట్ తీశాడు. "మటన్ బిర్యానీ" అని చదివాడు. నావైపు చూశాడు. "అపోలో ఫిష్." చూశాడు. "స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్, నాలుగు. ఒక్క డాక్టరు నాలుగు మిల్క్‌షేకులు తాగాడా?" డాక్టరుగారు రాలేదు సార్, ఆయన కాంపౌండరు పిల్లలతో వచ్చాడు అన్నాను. ఆ అబద్ధం నాకే నచ్చలేదు. మేనేజరు ఇంకో కాగితం తీశాడు. అది నా డైలీ రిపోర్టు.

"ఈ నెలలో ఈయన్ని రెండుసార్లు కలిశానని రాశావు. నల్లబట్టలు కనపళ్లేదా?"

ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి వెళ్తే, అప్పటిదాకా చీమకి కూడా తెలియని రెండోది బయటపడింది. మొదటిదానికి సమాధానం వెతుక్కోవచ్చు. రెండోదానికి నేలవైపు చూడటం తప్ప మార్గం లేదు. చూశాను. మెట్లు శుభ్రంగానే ఉన్నాయి.

మేనేజరు మంచివాడే. పై ఆఫీసుకి రాయలేదు. బిల్లు కొట్టేసి, అడ్వాన్సు జీతంలోంచి పట్టుకోమన్నాడంతే. మధ్యాహ్నం ఇద్దరం భోజనానికి వెళ్లాం. జాయింట్ వర్క్‌లో మేనేజరు భోజనం ఖర్చు రిప్రజెంటేటివ్‌దే అన్నది మాలో రాయని శాసనం, కట్టాను. ఆయన చెయ్యి కడుక్కొచ్చి ఆ బిల్లు తీసుకుని, జాగ్రత్తగా మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. నేనేమీ చూడలేదు.

ఇంతా చేసి ఇంట్లో నిజం చెప్పానా? లేదు. ఆ నెల జీతం ఎందుకు తగ్గిందంటే ఏదో ఇన్సూరెన్స్ అన్నాను. ఈలోగా తోడల్లుడి దగ్గర్నుంచి ఫోను. డిగ్రీ పూర్తిచేసిన తన తమ్ముణ్ణి మా కంపెనీలో వేయించమన్నాడు. "గవర్నమెంటు ఉద్యోగంలో ఏముంది తమ్ముడూ, ఖర్చులన్నీ చూసుకునే కంపెనీ ఉండగా" అన్నాడు. కష్టమైన ఉద్యోగమండీ అన్నాను. కష్టపడి బిర్యానీ తింటున్నావు పాపం అన్నాడు. ఇక కాదనడానికి నోరు రాలేదు. వేయించాను. కుర్రాడికి ఒంగోలు ఇచ్చారు.

మొదటి నెల గడిచింది. కుర్రాడు చేతికొచ్చిన అలవెన్సు కాగితాలు పట్టుకుని అన్నగారి దగ్గరికి వెళ్లాడట. ఆ ఆదివారం పొద్దున్నే తోడల్లుడు ఫోన్ చేశాడు. గొంతులో ఎప్పుడూ లేనంత తియ్యదనం.

"తమ్ముడూ, మావాడు రాత్రి నుంచీ వెతుకుతున్నాడు, బంధువుల భోజనాలు రాసే గడి దొరకడం లేదట. ఏ పేజీలో ఉంటుందో కాస్త చెప్పు."