గిద్దలూరు వానకు సాక్షిని

నేను వర్షమాపకాన్ని. పైన గరాటు, లోపల సీసా, చుట్టూ రేకు గొట్టం, అంతే నా ఒళ్లు. ఇంగ్లండులో వాన లెక్కలకే జీవితాన్ని ధారపోసిన జార్జ్ జేమ్స్ సైమన్స్ పేరే మా వంశానికి పెట్టారు. నన్ను గిద్దలూరులో నాటినప్పుడు ఈ ఊరు కర్నూలు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి అందులో కలిసింది, ఆ జిల్లాకే తర్వాత ప్రకాశం పేరు పెట్టారు. జిల్లా మారింది గానీ మొగులు మారలేదు. నల్లమలకు అటు దంచికొట్టి, ఇటు చినుకు రాల్చకుండా పోయిన రోజులు ఎన్నో చూశాను.

ఉదయం 8.30కి నాలో చేరిన నీటిని కొలజాడీలో పోసి మిల్లీమీటర్లలో రాయాలి. ఒక మిల్లీమీటరంటే చదరపు మీటరు నేలకు లీటరు నీళ్లు. 2.5 మిల్లీమీటర్లయినా పడితేనే దాన్ని వాన రోజు కింద కడతారు. రైతు పదును చూసి కంది విత్తుతాడు. సర్కారు కరవు మండలమని ప్రకటించాలంటే మాత్రం ముందు వర్షపాతం అంకె అడుగుతుంది. మొదట్లో నా దగ్గరికొచ్చే పెద్దాయన ముసురులోనూ గొడుగేసుకుని వచ్చి, జాడీని కంటి ఎత్తున పట్టి చూసేవాడు. వాన లేని రోజున సున్నా రాసేవాడు. పడమటి ప్రకాశం కరవుకు ఆ సున్నాలే సాక్ష్యం.

ఆయన పోయాక నన్ను పట్టించుకున్నవారు లేరు. చెట్టు ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెట్టింపు దూరంలో నేనుండాలి. పక్కనున్న వేపమొక్క పెరిగి పెరిగి నా నెత్తిమీదికే కొమ్మలు చాచినా ఎవరూ కొట్టలేదు. ఆకులు, పిట్టల రెట్టలు గరాటు కంతను మూసేస్తే, పడ్డ వాన పైనే నిలిచి ఎండకు ఆరిపోయేది. నా దగ్గరికి రాకుండానే రిజిస్టరు నింపేవారు. కొన్ని వారాలు ఖాళీగానే వదిలేశారు. పాత రిజిస్టర్లను బీరువాలో పెట్టి తాళం వేశారు. తీసేసరికి చెదలు పట్టి ఉన్నాయి. చివరికి తుప్పుపట్టిన నన్ను పీకి గోడవార పడేశారు. అదీ బాధే. కానీ నాలాంటి మాపకాన్ని మళ్లీ చేయించుకోవచ్చు, కురిసిపోయిన వానను మళ్లీ కొలవలేరు.

ఇప్పుడు నా చోట వాటంతటవే కొలిచే యంత్రాలొచ్చాయి. వాటికీ గరాటే ఉంది, అందులోనూ ఆకులు పడతాయి. భారత వాతావరణ శాఖ పుణె కార్యాలయం 1901 నుంచి రోజువారీ వర్షపాతాన్ని దేశమంతా గళ్లుగా విడదీసి ఉచితంగా ఇస్తోంది. ఒక్కో గడి 0.25 డిగ్రీలు, సుమారు 27 కిలోమీటర్లు. పొరుగున తెలంగాణ ప్రభుత్వం కూడా తన మండలాల వాతావరణ లెక్కలను ఓపెన్ డేటా పోర్టల్‌లో అందరికీ పెట్టింది. ఇది చాలా మంచి పని. మావంటి వేల మాపకాల కష్టం వాతావరణ శాఖ గళ్లలో ఉంది. అయితే నా లెక్క లేని రోజున నా చోటి గడిని చుట్టుపక్కల అంకెలతో నింపుతారు. కొండ అవతల కురిసిన వాన గిద్దలూరు వానగా లెక్కకెక్కితే, ఇక్కడ ఎండిన చేనుకు సాక్ష్యం ఏది?

గిద్దలూరు, రాచర్ల, కొమరోలు, కంభం బళ్లలో సైన్సు చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక మాట. ఆవరణలో చెట్లకు, గోడలకు దూరంగా ఒక మాపకం పెట్టించండి. పిల్లలతో రోజూ 8.30కి రాయించండి, సున్నాలు కూడా. ఆ లెక్కను అడిగినవారందరికీ ఇవ్వండి. ఎక్కడైనా పాత వాన రిజిస్టర్లు మిగిలి ఉంటే, చెదలు చేరకముందే పేజీపేజీకీ ఫోటో తీయించి అందరికీ అందేలా పెట్టండి.