మిషన్ ట్రిప్‌కు తర్జుమా చేయు విధానం

కావలసినవి: ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, భుజాన తువ్వాలు, రెండు భాషలు, ఏం విన్నా రంగు మారని ముఖం. భాషలు కాస్త అటూఇటూగా ఉన్నా నెట్టుకురావచ్చు. ముఖం మాత్రం తప్పనిసరి.

ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో పన్నెండేళ్ళుగా నేనీ పని చేస్తున్నాను. మామూలు రోజుల్లో ఇంటర్ పిల్లలకు ఇంగ్లిష్ ట్యూషన్లు చెప్పుకుంటాను. జూన్, జూలై వచ్చాయంటే అమెరికా చర్చిల యూత్ బృందాలు దిగుతాయి. ఎక్కువగా టెక్సస్, జార్జియా పిల్లలు. ఒక్కోసారి మనవాళ్ళ పిల్లలే, డాలస్‌లో పుట్టి "తాతయ్యా" అనడం ఒక్కటి వచ్చినవాళ్ళు. పద్నాలుగు మంది, పది రోజులు, ఆరు పల్లెలు. వాళ్ళు చెప్పింది వీళ్ళకీ, వీళ్ళు చెప్పింది వాళ్ళకీ చేరవేసి, ఎవరి మనసూ నొప్పించకుండా అందరినీ తిరుగు విమానం ఎక్కించడం మన బాధ్యత. నాకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. కొత్త కుర్రాళ్ళు ఎవరైనా అందుకుంటారని ఈ మెళకువలు రాసిపెడుతున్నాను.

మొదట తేదీల సంగతి. పిల్లలకు వీబీఎస్ పెడతామని వాళ్ళు ఆర్నెల్ల ముందే మెయిలు పంపుతారు. మనకు వీబీఎస్ అంటే మే నెల, ఎండాకాలం సెలవులు. వాళ్ళ సెలవులు మొదలై, ప్రయాణాలు కుదిరి, ఇక్కడికి చేరేసరికి మన బడులు తెరిచి ఉంటాయి. కాబట్టి సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు బడి కోసం మామూలు బడి మాన్పించాలి. హెడ్‌మాస్టారు మన సంఘస్థుడైతే మూడు రోజులకు సర్దుకుంటారు. కాకపోతే ఐదేళ్ళలోపు వాళ్ళనీ, పదో తరగతి తప్పి ఇంట్లో ఉన్నవాళ్ళనీ పోగుచేసి కూర్చోబెట్టండి. "ఇక్కడి పిల్లలు బడికి వెళ్ళరా?" అని ఎవరో ఒకరు జాలిగా అడుగుతారు. ఈ ప్రశ్న ఏటా వస్తుంది. జవాబు ముందే తయారుచేసుకోండి.

వీసా సంగతి మీకెందుకని వదిలేయకండి. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ళు మతబోధ చేయకూడదు. దానికి మిషనరీ వీసా వేరే ఉంది. కొందరు బృంద నాయకులకు ఈ సంగతి తెలీదు, కొందరికి తెలిసీ తెలీదు. "మేం వాక్యం చెప్పం, గ్రీటింగ్స్ మాత్రం చెప్తాం" అంటారు. నేను నలభై నిమిషాల గ్రీటింగ్స్ తర్జుమా చేశాను. అందులో నోవహు ఓడ ఎక్కాడు, దిగాడు. పట్టుబడితే వాళ్ళని విమానం ఎక్కించి పంపేస్తారు. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాల్సింది మన పాస్టరు అయ్యగారు. ఈ ఒక్క విషయంలో నేను వెటకారం ఆడటం లేదు.

ఇక స్వాగతం. డప్పులు, బంతిపూల దండలు, శాలువాలు, మనిషికో కొబ్బరిబోండాం. ఇంటికి రెండొందలు వేసుకుని పెద్దలు కానిచ్చేస్తారు. ఈ ఖర్చు గురించి బృందానికి చెప్పకండి. పల్లెవాళ్ళకు మనమే ఏదో ఇవ్వడానికి వచ్చామన్న వాళ్ళ నమ్మకం చెదిరిపోతుంది. వంట దగ్గర కూడా జాగ్రత్త. కారం లేకుండా కోడికూర వండటం మా పల్లెలో ఎవరికీ రాదు. ఒకసారి అయ్యగారి భార్య గట్టిగా చెప్పడంతో మా పిన్ని ఎలాగో వండి, గిన్నెలోకి తొంగిచూసి, "ఇది జ్వరమొచ్చినోళ్ళ కూర" అంది. ఏమంటోందని అడిగారు. "ఆరోగ్యానికి మంచిదంటోంది" అన్నాను. రుచి బాగుందని అందరూ రెండోసారి వడ్డించుకున్నారు. పిన్నికి ఇప్పటికీ అది అవమానమే.

రాత్రి కూటంలో సాక్ష్యాలుంటాయి. నా మొత్తం అనుభవంలో నేను గర్వపడే తర్జుమా ఒకటుంది, వినండి. పదహారేళ్ళ కుర్రాడు లేచాడు. వాళ్ళ నాన్న అన్నయ్యకు కొత్త కారు కొనిచ్చాడట, తనకు ఎవరో వాడి వదిలేసిన కారు ఇచ్చాడట. ఆ కోపంతో రెండేళ్ళు దేవుడికి దూరమయ్యాడట. చెప్తూ చెప్తూ ఏడ్చేశాడు. ఎదురుగా పట్టాల మీద, పగలంతా కలుపు తీసి వచ్చిన ఆడవాళ్ళు. ఇప్పుడు కారు అనాలా, వద్దా? తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఆస్తి పంపకాల్లో నాన్న అన్నకు మంచిది ఇచ్చి, తమ్ముడికి పనికిరానిది అంటగట్టాడు" అన్నాను. కూటమంతా ఒక్కసారి "అయ్యో నాయనా" అంది. వెనక వరసలో ఒక పెద్దాయన లేచి, తనకు చవుడు నేల ఇచ్చి అన్నకు మాగాణి రాసిన తండ్రి గురించి పావుగంట మాట్లాడి, ఇద్దరూ కావలించుకుని ఏడ్చారు. ఆ పావుగంటని నేను ఇంగ్లిష్‌లోకి ఏమని మార్చానో అడగకండి. సారాంశం చెడలేదు, ఏశావు యాకోబుల కథ ఇద్దరికీ తెలిసిందే.

ఒక మాట మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తర్జుమా చేయకండి. మూడో రోజుకల్లా తప్పకుండా వస్తుంది: "వీళ్ళకు ఏమీ లేదు, అయినా ఎంత సంతోషంగా ఉన్నారో!" కొత్తలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పేశాను. ముందు వరసలో ఉన్న ముసలమ్మ చటుక్కున తలెత్తి, "ఎవరికిరా ఏమీ లేనిది?" అంది. ఆమెకు అరెకరం పొలం, రెండు గేదెలు, హైదరాబాదులో నర్సు చేస్తున్న మనవరాలు. సంతోషం సంగతి అంటారా, ఆ వారం ఒక గేదె పాలివ్వడం మానేసి ఆమె ఎవరితోనూ మాట్లాడటం లేదు. వాళ్ళు చూసిన ఆమె నవ్వు అతిథులొచ్చారని నవ్విన నవ్వు.

తర్వాత చేతిపని. బృందానికి ఏదో ఒక పని చూపించాలి, లేకపోతే ఇంటికి వెళ్ళి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. మా సంఘంలో ఆ పని మందిరం ప్రహరీకి రంగు వేయడం. మొదటి బృందం లేతనీలం వేసింది. తర్వాతి బృందం పసుపు. ఆ పై వచ్చినవాళ్ళు గులాబీ రంగు కొట్టి, దాని మీద పరిశుద్ధాత్మ పావురాన్ని దించారు. పావురం కోడిలా వచ్చింది. మా పిల్లలకు అది ఇప్పటికీ కోడిగోడే. గేటు పక్కన పెచ్చు లేచిన చోట గోటితో గీకితే వరసగా కనబడతాయి: గులాబీ కింద పసుపు, పసుపు కింద నీలం, నీలం కింద సున్నం. సున్నం మా నాన్న తరంవాళ్ళు క్రిస్మస్‌కు కొట్టింది. అది చెక్కుచెదరలేదు. పైవి ఎందుకు ఊడతాయంటే, వానాకాలం తడిగోడ మీద, అడుగు గీకకుండా, ప్రైమర్ లేకుండా పూస్తారు గనక. మా పల్లెలో పెయింటర్లు ముగ్గురున్నారు. ఒంగోలులో అపార్ట్‌మెంట్లకు రంగులు వేస్తారు. రంగు వేసిన నాలుగు రోజులూ కూలి మానుకుని వచ్చి, పిల్లలకు నిచ్చెన పట్టుకున్నారు, బ్రష్షులు కడిగిచ్చారు. "వీళ్ళు ఎవరు?" అని ఒకమ్మాయి అడిగింది. "సంఘ సభ్యులు" అన్నాను. అబద్ధమైతే కాదుగదా.

లెక్కలు వేసే అలవాటున్న నాయకుడు వస్తే ఆయన్ని పెయింటర్లతో మాట్లాడనివ్వకండి. 1998లో మిచ్ తుఫాను కొట్టాక హోండురాస్‌కు ఇలాగే బృందాలు వెళ్ళి ఇళ్ళు కట్టాయి. కర్ట్ వెర్ బీక్ అనే పరిశోధకుడు కూర్చుని లెక్క తీశాడు. విమాన చార్జీలతో కలిపి వాళ్ళు కట్టిన ఇల్లు ఒక్కోటి దాదాపు 30,000 డాలర్లు పడింది. అక్కడి సంస్థలు కడితే 2,000 డాలర్లు. ఇలాంటి లెక్కలు మన పల్లెల దాకా వస్తే దుబాసీల నోట్లో మట్టే.

ఊరి చరిత్ర కూడా అడుగుతారు. "మాకంటే ముందు ఇక్కడికి ఎవరైనా వచ్చారా?" అని. తల అడ్డంగా ఊపడం ఉత్తమం. నిజం చెప్పడం మొదలెడితే ఆపలేం. 1865లో వచ్చిన జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టి, తెలుగు నేర్చుకుని, దాదాపు నలభై ఏళ్ళు ఈ పల్లెలనే పట్టుకుని ఉన్నారని చెప్పాలి. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత మేర తానే కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించారని చెప్పాలి. గింజల కోసం మతంలో కలిశారన్న మాట పడకూడదని, కరువు పని నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారని చెప్పాలి. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో నిలబడి ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చింది ఆరుగురు మన బోధకులే. ఆ నలభై ఏళ్ళ పక్కన పది రోజులు పెట్టి చూపిస్తే పిల్లల మొహాలు చిన్నబోతాయి. అంతదూరం నుంచి వచ్చారు, మనకెందుకా పాపం?

అంతకంటే ప్రమాదకరమైన పేరు ఇంకొకటుంది: అజరయ్యగారు. తిరునెల్వేలి నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని దోర్నకల్‌లో పనిచేసిన మనిషి. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగితే, అంతమంది తెల్లవాళ్ళ మధ్య నిలబడి, మీ త్యాగాలూ దానాలూ మాకు తెలుసు, ఇప్పుడు మాకు కావలసింది స్నేహితులు అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. సభలో కొందరికి కిట్టలేదు. రెండేళ్ళకు ఆయనే దోర్నకల్‌కు బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. ఆ అడిగినదానికి నూరేళ్ళు దాటింది. మనం మాత్రం ప్రహరీకి రంగు అడుగుతున్నాం.

నిజంగా కష్టమైన ప్రశ్న ఐదో రోజునో ఆరో రోజునో వస్తుంది. బస్సు ఊళ్ళోంచి వెళ్తుంటే, గట్టి పిల్లవాడు ఒకడు కిటికీలోంచి చూసి ఉంటాడు. ఊరు అక్కడ ఉంది. మందిరం, మన ఇళ్ళు అరకిలోమీటరు అవతల, చెరువు కట్ట కింద ఉన్నాయి. "ఊరు రెండు ముక్కలుగా ఎందుకుంది?" అంటాడు. నన్ను కాదు, ఆ గేదెల ముసలమ్మనే అడగమంటాడు. అడిగాను. ఆమె తొందరపడలేదు. ఊరి బావి దగ్గర ఎవరో చేదతో పైనుంచి నీళ్ళు పోసేదాకా కుండ పట్టుకుని నిలబడ్డ రోజులు చెప్పింది. చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన వీధి పేరు చెప్పింది. మందిరం కట్టాక దొరసాని తన పక్కన కూర్చుని తన కంచంలోంచి తిన్న సంగతి చెప్పింది. ఇప్పుడు ఊళ్ళో హోటల్లో అందరికీ ఒకే గ్లాసులనీ, స్థలాలు మాత్రం ఇటువైపు వాళ్ళకు అటువైపు ఎవరూ అమ్మరనీ చెప్పింది. ఏడెనిమిది నిమిషాలు పట్టింది. పిల్లవాడు నా మొహంలోకి చూస్తున్నాడు. బస్సు హారను కొడుతోంది, తర్వాతి పల్లెలో దండలు వాడిపోతున్నాయి.

"దేవుడు మిమ్మల్ని దీవించాలని చెప్తోంది" అన్నాను.

వాడు నమ్మలేదు. అంతసేపా, అన్నట్టు చూశాడు. మెళకువలన్నీ తెలిసిన దుబాసీ కూడా అప్పుడప్పుడూ దొరికిపోతాడు. అలాంటప్పుడు తువ్వాలు వాడండి.

చివరగా, బృందంలో ఎవరికైనా వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే ఒంటరిగా వదలకండి. ఎందుకో చెప్తాను. పోయినేడు ఒకమ్మాయి లేవలేక అయ్యగారింట్లో ఉండిపోయింది. మిగతావాళ్ళం రంగు డబ్బాలతో వెళ్ళిపోయాం. ఆషాఢం కదా, మధ్యాహ్నం అదే ముసలమ్మ మునగాకు తెచ్చుకుని అరుగు మీద కూర్చుంది. సాయంత్రం మేం తిరిగొచ్చేసరికి ఆ పిల్ల మజ్జిగ గ్లాసు పక్కన పెట్టుకుని, కాడ పట్టుకుని ఆకు దూస్తోంది. ముసలమ్మ తెలుగులో గేదె సంగతి చెప్తోంది. పిల్ల ఇంగ్లిష్‌లో వాళ్ళమ్మ సంగతి చెప్తోంది. ఎవరి ఫోనూ బయట లేదు. నేను వెళ్ళి పక్కన కూర్చుని, "ఏమంటోందంటే..." అని మొదలుపెట్టాను. ముసలమ్మ చేటతో నన్ను అవతలికి నెట్టి, "నువ్వుండరా, మేం మాట్లాడుకుంటున్నాం" అంది.

ఆ పూట తర్జుమా జరగలేదని నాకు సగం పైకమే ఇచ్చారు.