రాత్రి ఎక్కడ పడుకున్నామో తమకెందుకండీ?

స్థానిక నివాస ఉత్తర్వులు జారీ చేయు అధికారి గారి దివ్య సముఖమునకు,

కొలకలూరు నుంచి అప్ అండ్ డౌన్ చేయువారి తరఫున బహిరంగ విన్నపము.

విషయం: ఉద్యోగి పనిచేసే చోటే కాపురం ఉండవలెనను ఆదేశము – అభ్యంతరములు – గురించి.
సూచిక: తమ సర్క్యులరు, నిరుటిది. అంతకు ముందటిదీ అదే.

ఆర్యా,

హెడ్‌క్వార్టర్‌లో నివాసం ఉండని వారిపై శాఖాపరమైన చర్యలు తప్పవన్న తమ హెచ్చరిక బడులు తెరిచే రోజుల్లో ఒకసారి, పైనుంచి ఎవరైనా తనిఖీకి వస్తున్నారంటే ఇంకోసారి మా చెవిన పడుతూనే ఉంది. ప్రైవేటు యజమానులు ఇదే మాటను కాగితం ఖర్చు లేకుండా, "దగ్గర్లో ఓ రూము చూసుకోరాదూ" అని నోటితో అనేస్తారు. ఆ మాటలో న్యాయం లేదనడం లేదు. రానూపోనూ రెండున్నర గంటలు పట్టే మనిషికి పాతిక పనిదినాల నెలలో అరవై రెండున్నర గంటలు దారిలోనే పోతాయి. అంటే ఎనిమిది గంటల పనిదినాలు ఇంచుమించు ఎనిమిది. వాటికి జీతం లేదు, సెలవు లేదు, తమ దగ్గర నుంచి సానుభూతి కూడా లేదు. ఇంత తెలిసీ మేం చెప్పేది ఒకటే: ఈ ప్రాంతంలో ఉద్యోగి ఇల్లు చూసుకోవాల్సింది స్టేషనుకు దగ్గర్లో. ఆఫీసుకు దగ్గర్లో చూసుకోమనడం చెడ్డ సలహా, ఎందుకంటే ఇక్కడ స్టేషన్లు ఉన్నచోటే ఉంటాయి, కదిలేవి ఆఫీసులే.

మ్యాపు చూడండి. విజయవాడ–గూడూరు మెయిన్ లైను మీద దుగ్గిరాలకూ తెనాలికీ మధ్య ఉంది కొలకలూరు. పక్కనున్న తెనాలి జంక్షన్ నుంచి ఒక దారి విజయవాడకు, ఒకటి బాపట్ల, చీరాల మీదుగా గూడూరుకు, ఒకటి గుంటూరుకు, ఇంకోటి రేపల్లెకు. నాలుగు దిక్కుల్లో ఎటు పోస్టింగు పడినా పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ఇప్పుడు ఆఫీసుల సంగతి. 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలింది. రేపల్లె, వేమూరు నియోజకవర్గాలు బాపట్లకు వెళ్లాయి. తెనాలి పక్కనే ఉన్న చుండూరు మరో జిల్లా అయిపోయింది. తమ మాట విని గుంటూరు కలెక్టరేటు దగ్గర ఇల్లు తీసుకున్న వాడికి పోస్టు బాపట్లకు మారితే ఆ అడ్వాన్సు, పిల్లల ఫీజులు, గ్యాసు కనెక్షను, ముసలి తల్లికి అలవాటైన డాక్టరు అన్నీ వదిలి పోవాలి. తెనాలి చుట్టుపక్కల ఉన్న వాడు మాత్రం ప్లాట్‌ఫారం మార్చుకున్నాడు, నలభై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణమే అయినా కాపురం కదల్లేదు.

జిల్లా ఆఫీసుల కన్నా పెద్ద ఉదాహరణ రాజధాని. 2016లో సచివాలయం వెలగపూడికి వచ్చింది. దగ్గర్లో ఉండటమే ధర్మమైతే తాడేపల్లిలోనో మంగళగిరిలోనో అప్పు చేసి ఫ్లాటు కొన్నవాడు ఉత్తమ ఉద్యోగి. ఆ ఉత్తముడికి 2019 డిసెంబరులో పరిపాలన విశాఖకు పోతుందని చెప్పారు. 2020లో చట్టం కూడా చేశారు. 2021 నవంబరులో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. 2022 మార్చిలో హైకోర్టు అమరావతినే కట్టమంది. 2024లో ప్రభుత్వం మారాక పనులు మళ్లీ మొదలయ్యాయి. ఇన్ని మలుపుల్లోనూ వాయిదాలు కడుతూ కూర్చున్నవాడు తన ఇల్లు ఆఫీసుకు దగ్గరో దూరమో తేల్చుకోలేకపోయాడు. ఉద్యోగులు దగ్గర్లో ఉండాలని రాజధానిలోనే మొదలుపెట్టిన క్వార్టర్ల టవర్లు సైతం ఏళ్ల తరబడి అసంపూర్తిగానే నిలిచిపోయాయి. ఇళ్లు కట్టించే వారే కట్టలేకపోయిన చోట, అద్దెకు ఇల్లు దొరకలేదన్న గుమాస్తా మీద షోకాజ్ ఎలా నిలబడుతుందో సెలవియ్యండి.

ఇంకో సంగతి కూడా తమ దృష్టికి తేక తప్పదు. అదే 2016లో హైదరాబాదు నుంచి వచ్చిన సచివాలయ సిబ్బందికి ప్రభుత్వం వారానికి ఐదు రోజుల పని ఇచ్చింది, ఉచిత వసతి ఇచ్చింది, వాళ్ల రాకపోకల కోసం ఇంటర్‌సిటీ రైలే వేయించింది. ఐదు రోజుల పనిని ఏడాదికోసారి పొడిగిస్తూనే వచ్చారు. అందులో మాకు తప్పేమీ కనబడలేదు. పిల్లల చదువులు, భార్యాభర్తల్లో ఇంకొకరి ఉద్యోగం, సొంత ఇల్లు, ఇవన్నీ హైదరాబాదులో ఉన్న మనిషిని రాత్రికి రాత్రి మూటాముల్లె సర్దుకోమనడం అన్యాయమని ప్రభుత్వం గ్రహించింది. ఆ గ్రహింపు మూడు వందల కిలోమీటర్ల దూరానికి వర్తించి ముప్పై కిలోమీటర్ల దూరానికి వర్తించకపోవడమే మాకు అర్థం కానిది. వారానికోసారి వెళ్లొచ్చే వారికి రైలు, రోజూ వెళ్లొచ్చే వారికి మెమో!

ఇక అద్దె భత్యం. 2022లో సవరించిన లెక్క ప్రకారం 50 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో పనిచేస్తే హెచ్.ఆర్.ఏ. 10 శాతం, 2 లక్షల లోపైతే 12, ఆపైన 50 లక్షల దాకా 16. సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాల వారికి మాత్రం ప్రత్యేకంగా 24. అంటే 40 వేల మూలవేతనం మీద గుంటూరులో కుర్చీ ఉంటే 6,400, పల్లెలో ఉంటే 4,000. పల్లెలో అద్దె తక్కువే కదా అంటారు. తక్కువే, ఇల్లంటూ దొరికితే. చాలా పల్లెల్లో అద్దెకిచ్చే ఇల్లంటే ఎవరో అమెరికా వెళ్తూ తాళం వేసిన ఇల్లే. దొరికిన ఇంటికీ ముందు ఊరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు, ఇంటిపేరుతో తేలకపోతే నేరుగా కులం. దళిత ఉద్యోగి ఏ బజారులో అద్దెకు దిగొచ్చో ఏ బజారులో దిగకూడదో తమ సర్క్యులరులో రాసి ఉండదు, ఊరికి తెలుసు. 1991లో చుండూరులో జరిగిన దళితుల ఊచకోతను ఈ చుట్టుపక్కల ఎవరికీ గుర్తు చెయ్యక్కర్లేదు. ఒంటరి ఆడమనిషికీ ఇల్లివ్వడానికి ఇలాగే వెనకాడతారు. అలాంటి వారికి సీజన్ టికెట్టు పొదుపు మార్గం మాత్రమే కాదు, రక్షణ కూడా.

దీనికి విద్యావంతులైన పెద్దలు ఒక గట్టి అభ్యంతరం చెబుతారు. అలోయిస్ స్టుట్సర్, బ్రూనో ఫ్రై అనే ఆర్థికవేత్తలు జర్మనీ కుటుంబాల సర్వే లెక్కలు తీసి, ప్రయాణానికి ఎక్కువసేపు వెచ్చించే వారికి జీవితంలో తృప్తి తక్కువని తేల్చారు. మంచి జీతమో మంచి ఇల్లో ఆ నష్టాన్ని పూడ్చాలి, కానీ పూడ్చడం లేదన్నది వారి మాట. మార్కెట్టీ అనే ఇటలీ శాస్త్రవేత్త 1994లో, మనుషులు ఏ కాలంలోనైనా రోజుకు సుమారు గంట మాత్రమే ప్రయాణానికి కేటాయిస్తూ వచ్చారని రాశాడు. ఒప్పుకుంటాం. తెనాలి స్టేషన్ బయట స్టాండులో బండి పెట్టి, క్యారేజీ సంచి భుజాన వేసుకుని, ఎన్నో బోగీ ఎక్కడ ఆగుతుందో చూడకుండానే తెలిసి సరిగ్గా అక్కడే నిలబడే మనిషి మొహంలో తృప్తి వెతికితే దొరకదు. అయితే ఆ లెక్కల నుంచి రావలసిన తీర్పు ప్రయాణం తగ్గించమని. కాపురం మార్పించమని కాదు. భర్త గుంటూరులో, భార్య రేపల్లె దగ్గర బళ్లో పనిచేస్తుంటే ఎవరి ఆఫీసు పక్కన ఉండాలి? ఒకరు తమ సర్క్యులరు పాటిస్తే రెండోవారు ఉల్లంఘించినట్టే. టీచర్ల బదిలీల్లో స్పౌజ్ పాయింట్లు ఇచ్చేటప్పుడు కనబడే ఆ రెండో మనిషి, నివాస ఉత్తర్వు దగ్గరికొచ్చేసరికి మాయమవుతుంది. ఒక హద్దు మాత్రం మేమూ గీస్తాం: ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మానికి ఒకవైపే గంటన్నర దాటితే ఇక ఎవరు చెప్పినా వినకుండా ఇల్లు మార్చుకోవలసిందే. కొలకలూరు నుంచి విజయవాడకు రైలు దూరం పాతిక కిలోమీటర్ల చిల్లర. బండి అవుటర్‌లో ఆగకపోతే ఆ హద్దు లోపలే.

ఆ "ఆగకపోతే" దగ్గరే మా వాదనకు అసలు ఇబ్బంది. 2020 మార్చిలో రైళ్లు నిలిచిపోయాయి. తిరిగి నడిచాక ప్యాసింజర్లకు ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరు పెట్టి కనీస ఛార్జీ 30 రూపాయలు చేశారు. అది మళ్లీ 10 రూపాయలకు దిగింది 2024 ఫిబ్రవరిలో. ఆ రోజుల్లో ఆఫీసు పక్కన ఉన్నవారే గెలిచారని ఒప్పుకోవాలి. సుమారు పదిహేను సింగిల్ టికెట్ల ధరకు నెలంతా తిప్పే సీజన్ టికెట్టే విజయవాడ బట్టల కొట్లలో, మెకానిక్ షెడ్లలో పనిచేసే వారికి హెచ్.ఆర్.ఏ. అది ఆగిన రోజున వారికి జీతం కోత పడినట్టే. కనుక తమకు నిజంగా ఉద్యోగులు వేళకు రావాలనుంటే ఉత్తర్వు పంపవలసిన చిరునామా మా ఇల్లు కాదు, టైంటేబుల్ వేసేవారి ఆఫీసు. 2024 అక్టోబరులో కేంద్రం ఆమోదించిన 57 కిలోమీటర్ల ఎర్రుపాలెం–అమరావతి–నంబూరు లైను పూర్తయ్యే నాటికి తెనాలి వైపు నుంచి దానికి అందే బండి ఒకటి ఉంటుందా అని ఇప్పుడే అడిగి పెట్టండి.

చివరి అభ్యంతరం తమదే: అర్ధరాత్రి పురుడొస్తే డాక్టరు కావాలి, గాలివానకు తీగ తెగితే లైన్‌మన్ కావాలి. కావాలి, ఒప్పుకున్నాం. ఆ కొలువులకు ఊళ్లోనే క్వార్టరు కట్టి, నీళ్లు, కరెంటు ఇచ్చి, ఆ పైన ఉండమని ఆదేశించండి. మిగతా వారి విషయంలో తమకు కావలసిన ఆధారం తమ చేతిలోనే ఉంది. 2023 జనవరి నుంచి ఫోనులో ముఖం చూపించి హాజరు వేసుకుంటున్నాం. పదింటికి ముఖం ఆఫీసులో కనబడ్డాక, ఆ ముఖం రాత్రి ఏ ఊరి దిండు మీద ఉందో విచారించడానికి ఒక సర్క్యులరు, దానికో తనిఖీ బృందం, ఆ బృందానికో జీపు దేనికి? అయినా ఉత్తర్వు ఆపడం కుదరదంటే కింద ఒక వరుస చేర్చండి: ఆ ఊళ్లో అద్దెకున్న ఇంటి డోర్ నంబరు, ఏ కులం వారికైనా, ఒంటరి ఆడవారికైనా ఇస్తామని ఇంటి యజమాని సంతకం, ఆ ఆఫీసు ఐదేళ్ల దాకా కదలదని తమ సంతకం.

ఇట్లు,
తమ విధేయులు,
కొలకలూరు అప్ అండ్ డౌన్ వారు

నకలు: తమకు కూడా క్యాంపు ఆఫీసు ఒక ఊళ్లో, కాపురం ఇంకో ఊళ్లో ఉంటే, తమ హెడ్‌క్వార్టరుకు.